డాక్టరమ్మ జవాబులు: ముందు కుక్కను కొలవండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కార్ల గురించే ఉన్నాయి. వేసవి సెలవులు కదా మరి. నేను పశువుల డాక్టర్ని, కారు మెకానిక్‌ని కాదు. కానీ రిటైరయ్యాక మా ఎర్రోడిని వెనకేసుకుని నల్లగొండ నుంచి నాగర్‌కర్నూల్ దాకా, గద్వాల దాకా తిరిగినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. ఎర్రోడు జాతి కుక్కేమీ కాదు. మా వీధిలోనే పుట్టిన 19 కిలోల ఊరకుక్క.

*డాక్టరమ్మ గారికి నమస్కారం. మేము ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో ఇండిగో మెరీనా కొన్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా లాబ్రడార్ రాణి. అది 29 కిలోలుంటుంది. సెలవులకు మహబూబ్‌నగర్‌లో మా అమ్మ వాళ్లింటికి పోవాలి. రెండు పెద్ద సూట్‌కేసులు, 25 కిలోల బియ్యం సంచి, ఆవకాయ జాడీ, పక్కబట్టలు ఉంటాయి. డిక్కీలో ఇవన్నీ, రాణి ఎలా పడతాయి? బోను కొనాలా, జాలీ బిగిస్తే చాలా? మా వారేమో సామాను పేర్చేసి, మిగిలిన జాగాలో దాన్ని కూర్చోబెడదాం అంటున్నారు.*
— ఒక పాఠకురాలు, దేవరకొండ

మంచి కారే కొన్నారమ్మా. డిక్కీ, సీట్లు ఒకే గదిలా కలిసి ఉండే ఈ ఎస్టేట్ కార్లు మన దేశంలో ఎందుకో నిలదొక్కుకోలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, 2004లో మీ మెరీనా వచ్చింది, రెండూ పోయాయి. కుక్క ఉన్న ఇంటికి ఇంతకంటే పనికొచ్చే కారు లేదని నా అభిప్రాయం. మాదీ అలాంటిదే, అదీ సెకండ్ హ్యాండే.

ఇక మీ వారు చెప్పినదానికి సరిగ్గా తలకిందులుగా చేయండి. ముందు రాణికి జాగా, మిగిలినదాంట్లో సామాను. పట్టనిది ఇంట్లో ఉండిపోతుంది. మహబూబ్‌నగర్‌లో బియ్యం దొరకవా ఏంటి?

టేపు పట్టుకుని కారు దగ్గరికి పోకండి, రాణి దగ్గరికి పొండి. దాన్ని నిలబెట్టి ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలవండి. తోక లెక్కలోకి రాదు, అది మడుచుకుంటుంది. నేల నుంచి నడినెత్తి దాకా ఎత్తు తీసుకోండి. తర్వాత మధ్యాహ్నం పూట అది బండల మీద పక్కకు ఒరిగి, కాళ్లు చాపి పడుకుంటుంది చూడండి, అప్పుడు వీపు నుంచి పాదాల దాకా ఎంత వెడల్పు ఆక్రమిస్తుందో కొలవండి. ఈ మూడోది ఎవరూ కొలవరు. కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా అంత దూరం ఏ కుక్కా బొమ్మలా కూర్చుని రాదు కదా. పొడవుకూ ఎత్తుకూ పది సెంటీమీటర్ల చొప్పున కలపండి. అది నిలబడగలగాలి, ఒక చుట్టు తిరగగలగాలి, పడుకోగలగాలి. అంతకు మించి మరీ పెద్ద జాగా ఇచ్చినా నష్టమే, మలుపుల్లో అటూ ఇటూ దొర్లుతుంది.

ఇక కారు. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. డిక్కీ నేల పొడవు కొలిస్తే 95 సెంటీమీటర్లు వచ్చింది. 36 అంగుళాల ఇనుప బోను, అంటే 91 సెంటీమీటర్లది, హైదరాబాద్ నుంచి తెప్పించాను. ఇంకా నాలుగు సెంటీమీటర్లు మిగులుతుంది కదా అని ధీమా. బోను చక్కగా లోపలికి పోయింది. డోరు దించితే వెనక అద్దం బోను పై అంచుకు ఠంగుమని తగిలి ఆగింది. ఆ అద్దం గోడలా నిలువుగా ఉండదు, పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటుంది. నేల మీద 95 ఉన్నది, బోను ఎత్తుకు వచ్చేసరికి 75 కూడా లేదు. మా వారు గల్మల నిలబడి, "కొలిచినవా?" అన్నారు. "కొలిచిన" అన్నాను. "అద్దం కాడ గుడ కొలిచినవా?" అన్నారు. ఆ బోను ఇప్పుడు మా పెరట్లో కోడిపిల్లలకు పనికొస్తోంది.

కాబట్టి మీరు నాలుగు చోట్ల కొలవండి. నేల మీద సీటు వీపు నుంచి డోరు దాకా ఒకటి. రాణి తల ఎత్తులో సీటు నుంచి అద్దం దాకా ఇంకొకటి. లోపల రెండు పక్కలా చక్రాల మీద ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి, ఆ రెండు ఉబ్బుల మధ్య వెడల్పు మూడోది. డోరు తెరిచినప్పుడు కనిపించే నోరు నాలుగోది. లోపల పట్టేది నోట్లోంచి దూరకపోవచ్చు, పైగా సూట్‌కేసు చక్రాలూ హ్యాండిలూ కొలతలో చేరతాయి.

ఆ కొలతలతో నేను చేసే పని చెప్తే నవ్వుతారు. వాకిట్లో ముగ్గుపిండితో డిక్కీ ఆకారం గీస్తాను, చక్రాల ఉబ్బులతో సహా. ఎర్రోడికి కావలసిన చోటు ముందు గీసేసి అడ్డగీతలు కొడతాను, అంటే అక్కడ ఏదీ పెట్టకూడదని. మిగిలిన జాగాలో సూట్‌కేసులు నిలబెట్టి, పడుకోబెట్టి చూస్తాను. కారులోకి వంగి వంగి నడుం పట్టేసే కంటే ఇది హాయి. పక్కింటావిడ "ఇదేం ముగ్గు వదినా?" అని అడిగింది. సంక్రాంతికి కొత్త డిజైన్ అన్నాను.

బోనా, జాలీనా అన్నారు. రాణి అంత కుక్కకు మామూలుగా 42 అంగుళాల బోను చెప్తారు. అది పెడితే మీ డిక్కీలో ఆవకాయ జాడీకి కూడా చోటు మిగలదు. నా ఓటు జాలీకే. వెనక సీటు వెనకాల నేల నుంచి పైకప్పు దాకా ఒకటి, డిక్కీలో రాణికీ సామానుకీ మధ్య నిలువుగా ఇంకొకటి. ఈ రెండోది మరిచిపోతారు చాలామంది. కుక్క సామాను పాడుచేస్తుందని కాదు, సామాను కుక్క మీద పడుతుందని. వెల్డింగ్ షాపులో చేయించేట్టయితే కడ్డీల మధ్య దాని మూతి దూరనంత సందు పెట్టించండి, కొసలన్నీ నునుపుగా గ్రైండింగ్ చేయించండి. పక్కనుండే ప్లాస్టిక్ ప్యానెల్‌కు మాత్రం స్క్రూలు కొట్టనీయకండి. మేము మొదట చేయించింది అలాగే కొట్టారు, మూడో గుంతకే గలగలమంది, పదో గుంతకు ఊడి ఎర్రోడి వీపు మీద వాలింది. ఇనుప బాడీకి పట్టాలి. అలాగని డిక్కీ నేలకు ఎక్కడపడితే అక్కడ డ్రిల్లు పెట్టనీయొద్దు, కింద ఆయిల్ ట్యాంకు ఎక్కడుందో, బ్రేకు పైపులు ఎటు పోతున్నాయో చూశాకే.

సర్దడంలో బరువే ముఖ్యం. బియ్యం సంచి అన్నిటికంటే కింద, సీటు వీపుకు ఆనించి. సూట్‌కేసులు దాని పక్కన నిలువుగా, బెల్టుతో కొక్కేలకు బిగించాలి. పక్కబట్టల మూట జాలీకీ సూట్‌కేసులకీ మధ్య మెత్తగా కుక్కండి. కారు మీద క్యారియర్ ఉంటే ఆ మూటనే పైకెక్కించొచ్చు, పైకి తేలికవే పోవాలి. సీటు ఎత్తు దాటి ఏదీ పేర్చకండి. ఒక లెక్క చెప్తాను, మీ వారికి వినిపించండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేన్నైనా గుద్ది ఆగితే, లోపల కట్టకుండా ఉన్న సూట్‌కేసు 14 మీటర్ల ఎత్తు నుంచి పడ్డంత ఊపుతో ముందుకొస్తుంది. అంటే నాలుగంతస్తుల మేడ మీంచి. కుక్కకూ అదే లెక్క. దాని ముందు కూర్చునేది మీ పిల్లలే. ఆవకాయ జాడీ మాత్రం డిక్కీలో వద్దు, ముందు సీట్లో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర పెట్టుకోండి. ఎందుకంటే పగిలితే ఆ నూనె, కారం, వెల్లుల్లి అన్నీ రాణి నాకుతుంది. వెల్లుల్లి, ఉల్లి కుక్క రక్తానికి పడవు. బయల్దేరే ముందు టైర్లలో గాలి కూడా చూడండి. నిండు బరువుకు ఎంత కొట్టాలో చాలా కార్లలో డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కరు మీద విడిగా రాసి ఉంటుంది.

కింద పరిచేది జారకూడదు. పాత చీర, దుప్పటి పరిస్తే కుక్క ప్రతి మలుపులో గోళ్లతో పట్టు వెతుక్కుంటూ అలసిపోతుంది. రబ్బరు మ్యాట్ వేసి, దానిమీద గోనెసంచి పరవండి. వాంతి చేసుకున్నా సంచి తీసి ఉతుక్కోవచ్చు. వాంతులంటే గుర్తొచ్చింది, బయల్దేరే మూడు నాలుగు గంటల ముందే దాని తిండి అయిపోవాలి. పాపం ఆకలిగా ఉందని గేటు దగ్గర పెరుగన్నం పెట్టకండి. నీళ్లు పట్టొచ్చు. అయినా వాంతులు ఆగకపోతే దానికి మంచి మందులున్నాయి, డాక్టరు చూసి బరువును బట్టి ఇస్తారు. ఇంట్లో మనుషుల మాత్ర సగం విరిచి వేయొద్దు.

ఇంకొక్కటి. జాకీ, పానా చేతికందే చోట ఉంచుకోండి. కొండమల్లేపల్లి దాటాక మాకు టైరు పంక్చరైంది. జాకీ నేనే, ఎప్పుడో అవసరమయ్యేది కదా అని, అన్నిటికంటే అడుగున పెట్టాను. మా వారు దిగి గబుక్కున డిక్కీ తెరిచారు. ఎర్రోడు ఒక్క దూకుతో రోడ్డు మీదికి, వాడితోపాటు సకినాల డబ్బా. ఎదురుగా లారీ. హారన్ కొడుతూ పక్కకు తప్పించి పోయాడు ఆ డ్రైవరు, వాళ్లమ్మ కడుపు చల్లగుండ. నా కాళ్లు వణికి అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. ఎర్రోడు రోడ్డవతలి నుంచి ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి మట్టిలో దొర్లిన సకినాలను చూశాడు, వెనక్కి వచ్చాడు. నా కోసం కాదు. అప్పటి నుంచి మా ఇంట్లో రూలు ఒకటే, వెనక సీట్లోంచి చెయ్యి పెట్టి గొలుసు పట్టుకున్నాకే డిక్కీ డోరు. మీ జాలీలో చెయ్యి దూరేంత చిన్న తలుపు పెట్టించుకోండి.

ప్రయాణానికి వారం ముందు నుంచే కారు వాకిట్లో నిలబెట్టి, ఇంజను ఆపి, రాణికి డిక్కీలోనే తిండి పెట్టండి. తర్వాత ఇంజను ఆన్ చేసి. తర్వాత సందు చివరి దాకా ఒక చక్కరు. వయసు మీద పడ్డ లాబ్రడార్లకు తుంటి కీళ్లు బలహీనం, దూకించకండి. ఒక చెక్కకు గోనెపట్టా కొట్టి ఆనిస్తే నడిచి ఎక్కుతుంది.

*మాది మామూలు కారు, డిక్కీ విడిగా ఉంటుంది. సీట్లు పాడవుతాయని కుక్కను డిక్కీలో పెట్టి, మూత కొంచెం తెరిచి తాడుతో కట్టి, గాలి ఆడేలా తీసుకుపోవచ్చా? ఊళ్లో ఒకరు అలాగే తెచ్చారు.*
— ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

వద్దు. ఆ సందులోంచి వచ్చేది గాలి కాదు బాబూ, మీ కారు పొగ. బండి ముందుకు పోతుంటే వెనకాల ఏర్పడే ఖాళీలోకి సైలెన్సరు పొగ లాక్కొస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. కుక్క అరవదు, మొత్తుకోదు, నిద్రపోయినట్టు పోతుంది. పొగ సంగతి అలా ఉంచినా, మూసిన డిక్కీ ఎండకు పొయ్యి. జంతువును బాధపడేలా వాహనంలో తీసుకుపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా. వెనక సీటు మీద పాత బొంత పరిచి కూర్చోబెట్టండి. ఛాతీకి వేసే పట్టీ దొరుకుతుంది, దాన్ని సీటు బెల్టుకు తగిలించండి. మెడ పట్టీకి మాత్రం తగిలించొద్దు, గట్టి బ్రేకు వేస్తే మెడకు ఉరి. సీటు కవరు ఉతికితే పోతుంది.

*మేము మే నెలలో కుక్కతో హైదరాబాద్ పోతాం. కారులో ఏసీ ఉంది, దాన్ని వెనక డిక్కీలో ఉంచుతాం. దారిలో టిఫిన్‌కు ఆగినప్పుడు అద్దాలు రెండు వేళ్లంత దించి వదిలేస్తే సరిపోతుందా?*
— ఒక పాఠకుడు, గద్వాల

సరిపోదు. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది, అరగంటలో ఇరవై దగ్గరికి వస్తుంది. బయట 42 ఉంటే లోపల ఎంతో మీరే లెక్కేసుకోండి. అద్దాలు కాస్త దించితే పెద్ద తేడా రాదు. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, కుక్కకు చెమట పట్టేది పాదాల దగ్గరే. మిగతా వేడంతా నాలుక చాపి రొప్పి బయటికి పంపాలి. చుట్టూ గాలే వేడెక్కితే రొప్పి ఏం లాభం? టిఫిన్‌కు ఇద్దరు దిగితే ఒకరు కుక్కతో చెట్టు కింద ఉండండి, వంతులవారీగా తినండి. పార్సిల్ కట్టించుకుంటే ఇంకా మంచిది.

ఏసీ సంగతి నేను స్వయంగా చూశాను. పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఎర్రోడు డిక్కీలో ఊరికే మొరుగుతున్నాడని, ఒకరోజు వాడిని ఇంట్లో ఉంచి నేనే డిక్కీలో కూర్చున్నాను. ఆగి ఉన్న కారులో కాదు, మా ఇంటి నుంచి పానగల్ గుడి దాకా. ఇలా కూర్చోవడం తప్పే, మా వారు బండి వేగం ఇరవై దాటనివ్వలేదు. ముందు సీట్లో ఆయన చలిగా ఉందని ఏసీ తగ్గించారు. వెనక నాకు చీర వీపుకు అతుక్కుపోయింది. ఏసీ గాలి రెండు సీట్లు దాటి, జాలీ దాటి, సూట్‌కేసులు దాటి వెనక్కి రాదు. వాలుగా ఉన్న అద్దంలోంచి ఎండ నేరుగా మోకాళ్ల మీద పడుతోంది. మాటలు వినపడవు, చక్రాల మోతే. పానగల్ చెరువు వచ్చేసరికి నేను కూడా మొరిగేలా ఉన్నాను.

అందుకే వెనక అద్దానికి, పక్క అద్దాలకు ఎండ తెరలు పెట్టించాను. ముందు సీట్ల మధ్యలోంచి గాలి వెనక్కి పోయేలా సామాను మధ్యలో సందు వదులుతాను. చిన్న ఫ్యాన్, బ్యాటరీది, జాలీకి తగిలించాను. మీరు కూడా చవకరకం గది ధర్మామీటరు కాదు, కాస్త మంచిదే కొని డిక్కీలో వేలాడదీయండి, సంగతి తెలుస్తుంది. వీలైతే తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరండి, ఎండ ముదిరేలోపు షాద్‌నగర్ దాటేస్తారు.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. ఆగకుండా రొప్పడం, చిగుళ్లు ఎర్రబారడం, చొంగ చిక్కగా తీగలా సాగడం, నడిస్తే తూలడం కనిపిస్తే దవాఖానకు పరుగెత్తే ముందే అక్కడికక్కడ ఒంటి నిండా నీళ్లు పోయండి. తాగే నీళ్ల క్యాన్ ఉంటే అదే గుమ్మరించండి. ఆపైన గాలి తగలాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయొద్దు, అది కాసేపటికి వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. చల్లబరుస్తూనే డాక్టరు దగ్గరికి పొండి. పగ్, బాక్సర్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలైతే మే నెలలో పగటి ప్రయాణమే వద్దు.

*మా కుక్కను కారులో శ్రీశైలం తీసుకుపోవాలని పిల్లల కోరిక. దారిలో అడవిలో కాసేపు దింపి తిప్పొచ్చా?*
— ఒక పాఠకురాలు, అచ్చంపేట

దింపొద్దమ్మా. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ చిరుతకు కుక్క అంటే ఇష్టమైన భోజనం. దానికంటే నాకు ఎక్కువ భయం మన కుక్క నుంచి అడవికి పోయే రోగాలది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి, వాటిలో కొన్నిటికి కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ వైరస్ సోకింది. గుళ్లోకి కుక్కను రానివ్వరు, మీరు దర్శనం క్యూలో ఉన్నంతసేపు అది కారులో ఉడుకుతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ అడవి దారి మూసేస్తారు కాబట్టి ఆలస్యమైతే తిరిగి రావడమూ కుదరదు. పిల్లల్ని తీసుకుపొండి, కుక్కను చుట్టాల దగ్గర వదలండి. లడ్డూ మాత్రం దానికి పెట్టకండి, ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

*డిక్కీ కార్పెట్‌లో ఇరుక్కున్న కుక్క వెంట్రుకలు వాక్యూమ్ పెట్టినా రావడం లేదు. ఏం చేయాలి?*
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

రబ్బరు హవాయి చెప్పు కడిగి, కాస్త తడిపి, కార్పెట్ మీద ఒకే వైపు గీకండి. వెంట్రుకలు ఉండలు ఉండలుగా చుట్టుకుని వస్తాయి. మా కారులో మా వారి పాత చెప్పు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఒకటే. రెండోది ఎర్రోడు నమిలేశాడు.